హాజరు కాని నలభై ఆరు మంది

"ఈ నలభై ఆరు మంది ఏమైపోయారు?"

హెడ్డుగారు ఈ మాట అడగడం మూడోసారి. మొదటిసారి అడిగినప్పుడు మేడం ఇంకా గుమ్మంలోనే ఉంది, చేతిలో హాజరుపట్టీ, భుజాన సంచీ. రెండోసారికి కుర్చీ లాక్కుని కూర్చుంది. మూడోసారికి ఆవిడకి అర్థమైంది, ఆయన తనని అడగడం లేదని. మధ్యాహ్నం కమిటీలో పరీక్షల కంట్రోలర్ అడగబోయే ప్రశ్నని ఇప్పటినుంచే నోటికి అలవాటు చేసుకుంటున్నాడు.

గోడ గడియారంలో పదీ నలభై. కమిటీ రెండింటికి.

"ఏ నలభై ఆరు మంది?" అంది మేడం.

హెడ్డుగారు బల్ల మీది కాగితాలు ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ నివేదికే. నాలుగో పేజీలో పట్టిక చుట్టూ ఎవరో నల్ల పెన్నుతో, కాగితం చిరిగేంత గట్టిగా గీత చుట్టారు.

"మొదటి సంవత్సరం స్టాటిస్టిక్స్‌లో చేరింది రెండొందల మంది. మీ పట్టికలో ఉన్నది నూట యాభై నాలుగు. మిగతావాళ్ళని కాకెత్తుకుపోయిందా అని కంట్రోలర్ పొద్దున్నే ఫోను. నేనింకా పళ్ళు కూడా తోముకోలేదు."

"ఏదో పొరపాటు అయ్యుంటుంది."

"సగటు ముప్ఫై ఆరు నించి యాభై ఒకటికి ఎగబాకిందని రాశారు. ఒక్క ఏడాదిలో పదిహేను మార్కులు. ఎలా పెరిగిందో ఇప్పుడు తెలిసిందంటున్నాడు ఆయన. చదువురాని నలభై ఆరు మందిని తీసి పక్కన పడేస్తే నా సగటు కూడా పెరుగుతుందిట." హెడ్డుగారు కళ్ళజోడు తీసి ముక్కు నలుపుకున్నాడు. "మార్కుల ఫైలు ఎవరెవరి దగ్గర ఉంది?"

"నా దగ్గర. ఇంకా..." మేడం ఆగింది.

"ఆ పెన్సిల్ పిల్ల దగ్గర. చెప్పండి, ఫర్వాలేదు. దొంగ చేతికి తాళాలివ్వడమే కాకుండా పక్కన దీపం కూడా పట్టుకు నిలబడ్డారు మీరు. మార్కులు దొంగతనంగా దిద్దితే ఏడాది పాటు పరీక్షలు రాయనివ్వరు. రూలు. రెండింటికి ఆ పిల్లని కూడా తీసుకురమ్మన్నాడు."

"తను అలాంటిది కాదు."

"మీరు కాదు, తను కాదు. మరి ఫైలే నలభై ఆరు మందిని మింగి తేన్చిందంటారా?"

మేడం కాగితాలు తీసుకుని లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఇరవై ఆరేళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డ మోకాళ్ళు.

*

ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ చెప్పేది ఒకటే పాఠం. సంచిలో ఎర్ర బంతులు ఎన్ని, తెల్ల బంతులు ఎన్ని, చెయ్యి పెడితే ఏది వస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా సగం క్లాసు ఫెయిలవుతోంది. మెల్లగా చెప్పి చూసింది, రెండుసార్లు చెప్పి చూసింది, సెలవు రోజుల్లో వచ్చి చెప్పి చూసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పోయినేడాది చివర, ఇక చేతులెత్తేద్దామనుకున్న రోజున, పేపర్లు దిద్దుతుంటే ఒక జవాబు కింద చిన్న అక్షరాల్లో కనిపించింది: "ఈ బంతుల సంచి మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు మేడమ్. బస్సు ఎంతసేపటికి వస్తుందో లెక్క కట్టడం నేర్పకూడదా?"

పేపరు ఎవరిదో వెతికి పిలిపించింది. సన్నగా, జుట్టు ముడిలో అడ్డంగా పెన్సిలు గుచ్చుకుని వచ్చింది ఒక పిల్ల. తరవాత అందరికీ ఆ పిల్ల పేరే పెన్సిల్ అయిపోయింది. తిడతారేమోనని ముందే బిక్కమొహం. "నేర్పుదాం. ఎలా నేర్పాలో నువ్వు చెప్పు," అంది మేడం.

అలా మొదలైంది. ఆరుగురు విద్యార్థులు, ఒక టీచరు, పద్నాలుగో నంబరు గది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని పాఠాన్ని విప్పి మళ్ళీ కుట్టారు. బంతులు పోయాయి, బస్సులొచ్చాయి. ఏది ముందు చెప్పాలో, ఏ లెక్క ఇవ్వాలో, పరీక్షలో ఏం అడగాలో, ఆరుగురికీ మేడంతో సమానంగా మాట. గోడకి ఒక అట్ట మీద నియమాలు కూడా రాసి అంటించారు. మొదటి నియమం పెన్సిల్ రాసింది: ఈ గదిలోకి ఎర్ర పెన్ను రాకూడదు.

"ఎందుకే?" అని మేడం నవ్వింది ఆ రోజు.

"ఎర్ర పెన్ను ఉంటే మీరు టీచరు, మేం పిల్లలం. అది లేకపోతే ఏడుగురం."

ఈ రోజు రెండింటికి కమిటీ ఒప్పుకుంటే వచ్చే ఏడాది నించి అన్ని సెక్షన్లకీ ఇదే పద్ధతి. ఒప్పుకోకపోతే మళ్ళీ బంతుల సంచి. అది మేడం సంగతి. పెన్సిల్ సంగతి వేరు. రెండు నెలల్లో ఆ పిల్ల ఈ రెండేళ్ళ కోర్సు చివరి పరీక్షలు రాసి, పై చదువుకి వేరే విశ్వవిద్యాలయంలో చేరాలి. సీటు వచ్చింది, ఉత్తరం కూడా వచ్చింది. ఏడాది పరీక్షలు ఆపితే ఆ ఉత్తరం చిత్తుకాగితం.

*

పద్నాలుగో గదిలో పెన్సిల్, బాబాయ్ ఇద్దరే ఉన్నారు. బాబాయ్ అంటే ఎవరికీ బాబాయ్ కాదు. ప్రెస్సులో ఎనిమిదేళ్ళు అచ్చుపని చేసి, ముప్ఫై దాటాక చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి. నెత్తిన అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు, అందుకని ఆ పేరు.

మేడం తలుపు దగ్గరగా వేసి నాలుగో పేజీ బల్ల మీద పెట్టింది. సంగతి చెప్పింది. అడగడానికి నోరు రాలేదు, అయినా అడిగింది.

"నలభై ఆరు వరసలు నువ్వు తీసేశావా?"

పెన్సిల్ మొహం మొదట తెల్లబోయింది, తరవాత ఎర్రబడింది.

"తీసెయ్యలేదు మేడమ్. పక్క షీటులో పెట్టాను. వాళ్ళు పరీక్షకి రానివాళ్ళు."

"రానివాళ్ళా?"

"మూడో మీటింగులో అనుకున్నాం కదా. రానివాడికీ సున్నా, వచ్చి ఏమీ రాయనివాడికీ సున్నా వేస్తే రెండూ ఒకటే అయిపోతాయి, రానివాడి గురించి మనకేం తెలీదు, తెలీనిదానికి అంకె వెయ్యకూడదు అని మీరే చెప్పారు. అది నియమాల్లో కూడా రాశాం." గోడ వైపు చూపించింది. నిజమే. అయిదో నియమం: రానివాడు సున్నా కాదు.

మేడం బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. గుండెల మీంచి బండ దించినట్టైంది.

"రెండో షీటు అచ్చువెయ్యలేదు మన ఆఫీసువాళ్ళు," అన్నాడు బాబాయ్. "మొదటి షీటు వచ్చిందంటే మిషను కట్టేస్తారు. ఎనిమిదేళ్ళు చూశాను, మా వాళ్ళ బుద్ధే అది. ఇంతోటిదానికి పిల్ల ప్రాణం తీశారు."

"నా ప్రాణం కూడా," అంది మేడం. "పరీక్షల ఆఫీసుకెళ్ళి రానివాళ్ళ జాబితా మీద ముద్ర వేయించుకొస్తాను. కంట్రోలర్ నోరు మూతపడుతుంది."

తలుపు తీస్తుంటే వెనక నించి పెన్సిల్ పిలిచింది.

"మేడమ్."

"ఏంటమ్మా?"

ఆ పిల్ల ఏదో చెప్పబోయి పెదవి కొరుక్కుంది. జుట్టులో పెన్సిలు తీసి, మళ్ళీ గుచ్చుకుంది.

"ఏం లేదు. వెళ్ళిరండి."

ఆ తడబాటు మేడం చూసింది. పట్టించుకునే ఓపిక లేకపోయింది.

*

పరీక్షల ఆఫీసు ఆవరణకి ఆ చివర, రెండో అంతస్తులో. లిఫ్టుకి ఎప్పటిలాగే "పని చేయదు" అన్న బోర్డు. బోర్డు కూడా పాతబడిపోయి ఒక మేకుకి వేలాడుతోంది. మేడం మెట్లెక్కేసరికి పదకొండున్నర దాటింది.

గుమాస్తా ముసలాయన. దుమ్ముపట్టిన కట్టల మధ్య సగం మనిషే కనిపిస్తాడు. మేడం ఉద్యోగంలో చేరినప్పుడు కూడా అదే కుర్చీలో ఉన్నాడు.

"రామ్మా. ఈ మెట్లెక్కి ఎవరొచ్చినా నాకు పండగే. ఏం కావాలి?"

"ఈ ఏడాది స్టాటిస్టిక్స్ పరీక్షకి రానివాళ్ళ జాబితా పెద్దాయనా. మీ ముద్ర వేసి."

ఆయన పెద్ద పుస్తకం ఒకటి లాగి, వేలు తడిచేసుకుని పేజీలు తిప్పాడు. "ఇదిగో. నలభై ఆరు. మీ పిల్లలొచ్చి చెప్పారమ్మా, రానివాళ్ళ గళ్ళలో సున్నా వెయ్యొద్దు, ఖాళీగా వదిలెయ్యమని. మినిట్స్ కాగితం కూడా ఇచ్చారు, మీ సంతకంతో. నాకు చెయ్యి రాలేదనుకోండి. ముప్ఫై ఏళ్ళ అలవాటు. రానివాడికి సున్నా కొట్టడం నాకు దణ్ణం పెట్టుకోవడం లాంటిది."

మేడం పుస్తకం మీదికి వంగింది.

"పోయినేడాది కూడా సున్నాలే వేశారా?"

"పోయినేడాదేంటి, పుట్టి బుద్ధెరిగినప్పటినించీ. ఈ ఏడాదే మీరు మాన్పించారు."

"ఆ పుస్తకం ఒకసారి ఇవ్వండి."

పోయినేడాది పేజీ. రెండొందల పేర్లు. మధ్య మధ్యలో గుండ్రంగా, ముచ్చటగా, గుమాస్తా చేతిరాతలో సున్నాలు. రానివాళ్ళు యాభై మంది. కింద మొత్తం మార్కులు: ఏడువేల రెండొందలు.

ఆవిడకి క్యాలిక్యులేటరు అక్కర్లేదు. ఏడువేల రెండొందల్ని రెండొందలతో భాగిస్తే ముప్ఫై ఆరు. నివేదికలో ఉన్నది ఆ ముప్ఫై ఆరే. అందులో యాభై సున్నాలు కలిసి ఉన్నాయి. రాసినవాళ్ళు నూట యాభై మందితోనే భాగిస్తే నలభై ఎనిమిది.

ఈ ఏడాది యాభై ఒకటి. ఇందులో సున్నాలు లేవు.

పెరిగింది పదిహేను మార్కులు కాదు. మూడు.

రెండేళ్ళకీ సున్నాలు కలిపి చూద్దామని రెండో దారిన కూడా లెక్క కట్టింది. ముప్ఫై ఆరు, ముప్ఫై తొమ్మిది. మూడూ చిల్లర. ఎటు తిప్పినా మూడే. ఏడాది పాటు ప్రతి శుక్రవారం ఏడుగురు కలిసి కొండని తవ్వితే దొరికింది ఈ ఎలుక.

"ఏంటమ్మా అలా చెమటలు పడుతున్నాయి? మెట్లు పడలేదా?" గుమాస్తా కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు.

"పెద్దాయనా, పాత ఏడాది పుస్తకం పిల్లలెవరైనా చూశారా?"

"అడిగింది ఆ జుట్టులో పెన్సిలు పిల్ల. పాతవి టీచర్లకే చూపించాలి, రూలు. మీ మేడం గారిని పంపించు అన్నాను."

మేడం నీళ్ళు తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టింది. అంటే పిల్లకి అనుమానం వచ్చింది. అనుమానం వచ్చి కూడా, తెలీని అంకెని తెలిసిన అంకె పక్కన పెట్టి నివేదిక రాసేసింది. ఇందాకటి తడబాటు ఇదేనన్నమాట.

కోపం రావాలి. అలసటే వచ్చింది.

*

మెట్లు దిగుతుండగా హెడ్డుగారు ఎదురొచ్చాడు. వరండా స్తంభం పక్కకి తీసుకెళ్ళి మేడం అంతా చెప్పింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. రెండేళ్ళలో ఉద్యోగం దిగిపోతాడు, ఆ రెండేళ్ళూ ఎవరూ గట్టిగా తలుపులు వెయ్యకుండా గడిస్తే చాలు.

"మంచిదే అయింది," అన్నాడు చివరికి.

"ఏది మంచిది?"

"మార్కులు దిద్దడం కాదని తేలింది. పోలిక తప్పు. విద్యార్థిని అనుభవలేమి. అంతే. ఏడాది అడుగుతాడు కంట్రోలర్, నేను కాళ్ళో గడ్డమో పట్టుకుని ఒక సెమిస్టరుకి దించుతాను. మీ పద్ధతి బతుకుతుంది. లెక్కలు మాత్రం టీచర్లే చూస్తారని ఒక వాక్యం కలుపుదాం."

"సెమిస్టరు ఆపినా తన సీటు పోతుంది."

"పోనీ మీ పేరు చెబుదామా? అప్పుడు మీ పద్ధతీ పోతుంది, మీ కోర్సూ పోతుంది. వచ్చే ఏడాది మిమ్మల్ని సాయంత్రం క్లాసులకి పంపిస్తారు, పదిమంది కోసం. మీరు చెయ్యని తప్పుకి ఎందుకు నెత్తిన వేసుకోవడం? కంట్రోలర్ లెక్కలో తప్పుకి ఒక పేరుండాలి. ఆ పిల్ల రాసిన పట్టిక, ఆ పిల్ల పేరు. కాదంటారా?"

మేడం కాదనలేదు. అవుననీ అనలేదు. ఎండ పడని ఆ మూల నిలబడితే ఒక్క నిమిషం కళ్ళు మూసుకోవాలనిపించింది.

"ఆ చిత్తుప్రతి ఏదైనా ఉంటే తీసుకురండి," అన్నాడు హెడ్డుగారు. "పిల్ల చేతిరాతతో. చూపించడానికి పనికొస్తుంది."

*

ఒంటిగంటకి ఆవిడ తన గదిలో, బీరువా ముందు నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ ఏడాది కాగితాలు. ఫోను మోగింది. భర్త. ఆయనకి బజారులో కళ్ళద్దాల దుకాణం.

"ఏమోయ్, తిన్నావా?"

"ఇంకా లేదండీ."

"గిన్నె అలాగే తిరిగొస్తే ఈసారి నాకు కాదు, మీ అత్తగారికి జవాబు చెప్పుకోవాలి. సాయంత్రం కళ్ళు చూపించుకోడానికి దుకాణానికి వస్తానన్నావు. ఆరునెలల నించి ఇదే మాట. ఊరందరికీ అద్దాలు తగిలించాను, ఇంట్లో మనిషి మాత్రం కాగితాన్ని చెయ్యి చాపి చదువుతుంది. కొట్టుకొచ్చేవాళ్ళు నవ్విపోతున్నారు."

"వస్తాను."

"గొంతేంటి అలా ఉంది?"

"ఒకళ్ళు తప్పు చేశారండీ. ఎవరో చెప్పాలి నేను."

"తెలిస్తే చెప్పు. తెలీకపోతే ముందు అన్నం తిను." పెట్టేశాడు.

చిత్తుప్రతి అడుగున దొరికింది. పద్దెనిమిది పేజీలు, పెన్సిల్ చేతిరాత, మూల చిన్న క్లిప్పు. రెండు నెలల క్రితం చూసిపెట్టమని ఇచ్చింది. గదిలోకి ఎర్ర పెన్ను రాకూడదు కాబట్టి మేడం ఇంటికి పట్టుకెళ్ళింది. ఆ రోజు తొంభై పరీక్ష పేపర్లతో పాటు, అదే కట్టలో. ప్రతి పేజీ చివరా ఎర్రగా ఒక టిక్కు. అచ్చం పరీక్ష పేపర్లకి పెట్టినట్టే.

నాలుగో పేజీకి వచ్చింది. పట్టిక. ముప్ఫై ఆరు, యాభై ఒకటి. పిల్ల చేతిరాతే. హెడ్డుగారికి కావలసింది ఇదే.

మేడం కాగితాన్ని చెయ్యి చాపి పట్టుకుంది, అక్షరాలు కుదురుకునేదాకా. మార్జిన్లో, ముప్ఫై ఆరు పక్కన, చీమల బారులా సన్నటి పెన్సిలు రాత ఉంది.

"మేడమ్, ఈ 36 మీ పాత నివేదికలోంచి తీసుకున్నాను. రానివాళ్ళని కలిపి వేసిందా, కలపకుండానా? కలిపి అయితే ఈ పోలిక తప్పు అవుతుంది. పాత పుస్తకం నాకు చూపించరట. మీరు ఒకసారి చూసి చెప్తారా?"

దాని పక్కనే, ప్రశ్నగుర్తుని ఆనుకుని, ఎర్రగా, పెద్దగా, తోక పైకి లాగిన టిక్కు.

మేడం ఆ టిక్కుని చాలాసేపు చూసింది. అలాంటివి జీవితంలో ఎన్ని పెట్టిందో లెక్కలేదు. కుడి భుజం దానికదే కదులుతుంది, మణికట్టు దానికదే తిరుగుతుంది. నిద్రలో కూడా దుప్పటి మీద వేలితో టిక్కులు పెడుతుందని ఆయన ఏడిపిస్తూ ఉంటాడు. పిల్ల తోటిమనిషిని అడిగినట్టు ఒక మాట అడిగింది. టీచరు దానికి మార్కు వేసింది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పొద్దున్నించి తను తిరిగింది ఈ కాగితం కోసమే.

గిన్నె మూత తీసింది. మళ్ళీ పెట్టేసింది.

*

రెండింటికి పది నిమిషాలుండగా, కమిటీ గది బయట బెంచీ మీద పెన్సిల్ కూర్చుని ఉంది. పక్కన బాబాయ్. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాడిలా.

"పీటల మీద పెళ్ళికొడుకులా ఉన్నావేంటయ్యా," అంది మేడం.

"ధైర్యానికి మేడమ్. నాకు కాదు, చొక్కాకి."

మేడం పెన్సిల్ పక్కన కూర్చుని, నాలుగో పేజీ ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. పిల్ల దాని వైపు చూడలేదు. చూడక్కర్లేదన్నట్టు.

"పొద్దున్న చెప్పబోయింది ఇదేనా?"

"అవును."

"చెప్పలేదేం?"

"చెప్తే మీ మీదికి వస్తుంది." పిల్ల చూపు ఎదుటి తలుపు మీదే ఉంది. "టిక్కు పెట్టారు కదా, చూశారనుకున్నాను. కలపకుండానే వేశారు, పోలిక సరిపోయింది, అందుకే టిక్కు అనుకున్నాను. తరవాత నాలుగు రోజులు అనుమానంగానే ఉంది. మళ్ళీ అడగాల్సింది మేడమ్. అడగకపోవడం నా తప్పే. లోపల అదే చెప్తాను. ఒక సెమిస్టరేగా అన్నారు హెడ్డుగారు, ఇందాక కనపడి."

"ఆయన నీతో కూడా మాట్లాడాడా?"

"పద్ధతి బతకాలంటే ఎవరో ఒకరు ఒప్పుకోవాలన్నారు. వచ్చే ఏడాది పిల్లలకైనా బంతులు పోతాయి కదా మేడమ్."

"సీటో?"

పెన్సిల్ జుట్టులో పెన్సిలు సర్దుకుంది. బాబాయ్ మెడ వంచి తన చెప్పులు చూసుకున్నాడు.

"మళ్ళీ ఎందుకు అడగలేదు? నిజం చెప్పు."

పిల్ల ఇప్పుడు కాగితం వైపు చూసింది. "టిక్కు పెట్టాక ఎవరడుగుతారు మేడమ్?" అంది. నిందలా అనలేదు. వర్షం వస్తే తడుస్తాం అన్నట్టు అంది.

లోపల్నించి బంట్రోతు తలుపు తీశాడు.

*

పొడుగాటి బల్ల. ఏడుగురు సభ్యులు, ఏడు నీళ్ళ గ్లాసులు. తల దగ్గర కంట్రోలర్, సన్నటి మనిషి, ముందున్న కాగితాల అంచులు మాటిమాటికీ సమంగా సర్దుతున్నాడు. మూల చిన్న బల్ల దగ్గర మినిట్స్ రాసే ఆవిడ. బిగించి పెట్టిన కిటికీ, తిరగని ఫ్యాను.

హెడ్డుగారు చక్కగా మొదలుపెట్టాడు. మార్కులు దిద్దడం జరగలేదు, రానివాళ్ళ జాబితా ఇదిగో, ముద్రతో సహా. జరిగింది పోలికలో పొరపాటు. పాత ఏడాది రానివాళ్ళతో కలిపి, ఈ ఏడాది కలపకుండా. అసలు పెరుగుదల మూడు మార్కులు.

"మూడా?" అన్నాడు కంట్రోలర్. "పదిహేను అని అచ్చువేసి పంపి, ఇప్పుడు మూడంటారా? అన్నం ఉడికిందో లేదో తెలీకుండానే విస్తళ్ళు వేసేశారన్నమాట."

ఎవరో నవ్వారు.

"మూడే," అంది మేడం. లేచి నిలబడింది. "కానీ రానివాళ్ళు యాభై నించి నలభై ఆరుకి తగ్గారు. వాళ్ళెందుకు రాలేదో కనుక్కుందామని మొదట అన్నది ఈ విద్యార్థులే. ఇరవై ఆరేళ్ళలో నాకు తట్టలేదు. నేను సున్నా వేసిన చోటే వాళ్ళు మనుషుల్ని చూశారు. మూడు మార్కులకి ఒప్పుకుంటారో లేదో మీ ఇష్టం. ఒప్పుకుంటే మాత్రం మూడనే ఒప్పుకోండి."

"అది తరవాత." కంట్రోలర్ కాగితాలు మళ్ళీ సర్దాడు. "తప్పుడు అంకె ఈ బల్ల మీదికి వచ్చింది. ఎలా వచ్చింది, ఎవరి వల్ల వచ్చింది? విద్యార్థుల చేతికి లెక్కలిస్తే ఇలాగే ఉంటుందని నేను మొదట్నించీ చెబుతున్నాను. పట్టిక రాసింది ఎవరు?"

"నేనండీ," అంది పెన్సిల్, మేడం కుర్చీ వెనక నించి. "తప్పు నా..."

"కూర్చో అమ్మా," అంది మేడం.

"తనని చెప్పనివ్వండి," అన్నాడు కంట్రోలర్.

"తను రెండు నెలల క్రితమే చెప్పింది. నేనే వినలేదు." మేడం నాలుగో పేజీని బల్ల మీద తోసింది. అది జారుకుంటూ వెళ్ళి ఆయన గ్లాసు దగ్గర ఆగింది. "మార్జిన్లో చదవండి. పైకి."

కంట్రోలర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. పైకి చదివాడు. మొదటి వాక్యం గట్టిగా, రెండోది మామూలుగా, "మీరు ఒకసారి చూసి చెప్తారా" దగ్గరికి వచ్చేసరికి దాదాపు తనలో తను. చదివి, వేలితో ఆ ఎర్ర గుర్తు తడిమాడు.

"ఈ టిక్కు ఎవరిది?"

హెడ్డుగారు గబగబా అందుకున్నాడు. "మేడం గారికి ఈ మధ్య చూపు ఆనడం లేదండీ. వాళ్ళాయనే అంటుంటారు. పెన్సిలు రాత, అంత సన్నగా ఉంటే పాపం ఎవరికి మాత్రం..."

మేడం ఆయన వైపు చూసింది. మంచి దారే చూపించాడు. నున్నటి దారి, నీడ కూడా ఉంది. తలూపితే చాలు.

"చూపు ఆనకపోతే టిక్కు సరిగ్గా ఆ ప్రశ్న పక్కన పడదు," అంది. "రాత కనిపించింది. చదవలేదు. విద్యార్థి రాసింది కదా, దిద్దాల్సిందే అనుకుంది చెయ్యి."

మూలన కూర్చున్న ఆవిడ కలం ఎత్తి పట్టుకుంది. "మినిట్స్‌లో ఏమని రాయమంటారండీ?" అని కంట్రోలర్‌ని అడిగింది. "పేరు ఖాళీగా వదలనా?"

కంట్రోలర్ మేడం వైపు చూశాడు. పెన్సిల్ కుర్చీలోంచి సగం లేచి ఉంది.

"ఖాళీగా వదలకండి," అంది మేడం. "ఆ టిక్కు నాది. తప్పు చేసింది నేను. రాసుకోండి."